మాత్రకు లొంగని చిగుళ్ళ క్రిములు

చిగురు వాచింది. రెండు రోజులుగా నమలడం కష్టంగా ఉంది. దంతవైద్యుని వద్దకు వెళ్ళడానికి తీరిక లేదు. ఆయన చేతిలోని పరికరాలంటే కొంత జంకు కూడా ఉంది. వీధి చివర మందుల దుకాణం ఉండనే ఉంది. చీటీ అడగకుండానే దుకాణదారు రెండు రకాల మాత్రలు ఆరేసి చొప్పున కత్తిరించి కాగితపు సంచిలో వేసి ఇస్తాడు. మూడవ నాటికి వాపు తీస్తుంది, నొప్పి తగ్గుతుంది. మిగిలిన మాత్రలు అలమారలోకి చేరతాయి. ఆరు మాసాల తరువాత అదే పంటి దగ్గర మళ్ళీ అదే వాపు కనిపిస్తుంది. మన దేశంలో ఈ తంతు జరగని వీధి ఉండదంటే అతిశయోక్తి కాదు.

ఇందులో గమనించదగిన విషయాలు రెండున్నాయి. వ్యాధి నయం కాలేదు, కొంతకాలం అణిగింది. అది మొదటి విషయం. ఆ మూడు రోజులలో నోటిలోని అసంఖ్యాక సూక్ష్మక్రిములలో మందుకు లొంగేవి నశించాయి, లొంగనివి మిగిలి వృద్ధి చెందాయి. ఇది రెండవది, మరింత ఆలోచింపజేసేది. చిగుళ్ళ వ్యాధిని కలిగించే క్రిములలో మందులను తట్టుకునే శక్తి ఎలా పుడుతున్నది, దానివల్ల మనకు వాటిల్లే నష్టమేమిటి, నివారణోపాయమేమిటి అనే ప్రశ్నలకు సమాధానాలు తెలుసుకోవడం ప్రతి గృహస్థుకూ అవసరం.

పాచి, గార, పయోరియా

మానవుని నోటిలో నివసించగల సూక్ష్మజీవులలో ఏడు వందలకు పైగా జాతులను శాస్త్రజ్ఞులు గుర్తించారు. వీటిలో అధిక భాగం మనకు హాని చేయనివి, కొన్ని మేలు చేసేవి కూడా. ఇవి లాలాజలంలోని మాంసకృత్తుల ఆధారంతో పంటిని అంటిపెట్టుకొని మెత్తని పొరగా ఏర్పడతాయి. ఈ పొరనే మనం పాచి అంటాము. దీనిని ప్రతిదినం తొలగించకపోతే లాలాజలంలోని కాల్షియం, ఫాస్ఫేటు లవణాలు చేరి రాయిలా గట్టిపడుతుంది. అదే గార. గరుకైన గార మీద కొత్త పాచి మరింత సులువుగా పేరుకుంటుంది.

పాచి చిగురు అంచున నిలిచిపోయినప్పుడు చిగురు ఎర్రబడి, ఉబ్బి, పళ్ళు తోముకునే వేళ రక్తం చిందిస్తుంది. ఇది తొలి దశ. ఈ దశలో పళ్ళను శుభ్రపరిస్తే చిగురు తిరిగి యథాస్థితికి వస్తుంది. ఉపేక్షిస్తే చాలామందిలో వ్యాధి లోపలికి దిగుతుంది. ఆరోగ్యవంతుని చిగురుకూ పంటికీ నడుమ సాధారణంగా మూడు మిల్లీమీటర్లకు మించని సన్నని సందు ఉంటుంది. వ్యాధి ముదిరిన కొద్దీ ఈ సందు లోతైన గోతిలా మారుతుంది. క్రిముల మీద మన శరీరం సాగించే పోరాటమే పక్కనున్న కణజాలాన్ని కూడా దెబ్బతీస్తుంది. పంటిని పట్టి ఉంచే పోగులు తెగుతాయి, దవడ ఎముక క్రమంగా కరుగుతుంది, చివరకు పన్ను కదలడం మొదలవుతుంది. పెద్దలు పయోరియా అని పిలిచేది దీనినే. తీవ్రరూపంలో ఈ వ్యాధికి లోనైన వారు ప్రపంచంలో సుమారు నూరు కోట్ల మంది ఉంటారని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ వెలువరించిన నివేదిక అంచనా వేసింది. చాలాకాలం నొప్పి తెలియకుండా సాగడం ఈ వ్యాధి లక్షణం. కనుకనే దీనిని పట్టించుకునేవారు తక్కువ. నొప్పి వచ్చిన రోజున మాత్రతో సరిపుచ్చేవారు ఎక్కువ.

లీవెన్‌హాక్ గమనించిన వింత

మాత్ర ఎందుకు చాలదో మూడు శతాబ్దాల క్రిందటనే ఒక వ్యక్తికి లీలగా తెలిసింది. ఆయన పేరు ఆంటనీ వాన్ లీవెన్‌హాక్. హాలండ్ దేశపు డెల్ఫ్ట్ నగరంలో బట్టల వ్యాపారి. తీరిక వేళల్లో స్వయంగా కటకాలు అరగదీసి సూక్ష్మదర్శినులు తయారుచేసుకున్నాడు. ప్రతిదినం ఉప్పుతో పళ్ళు రుద్దుకొని, గుడ్డతో తుడుచుకునే అలవాటున్నా, తన పళ్ళ సందుల్లో తడిపిన పిండి వంటి తెల్లని పదార్థం మిగిలి ఉండడం గమనించి, దానిని వాన నీటిలో కలిపి పరీక్షించాడు. అందులో అతి చిన్న ప్రాణులు చురుకుగా కదులుతూ కనిపించాయి. ఈ సంగతిని 1683 సెప్టెంబరులో లండన్‌లోని రాయల్ సొసైటీకి లేఖ ద్వారా తెలియజేశాడు.

ఆ తరువాత ఆయన వెనిగర్‌తో ప్రయోగం చేశాడు. పంటి నుండి తీసిన పదార్థాన్ని వెనిగర్‌లో కలిపితే ప్రాణులు వెంటనే చచ్చాయి. అదే వెనిగర్‌ను నోటిలో పోసుకొని పళ్ళు కడుక్కొని చూస్తే, పాచిలో ప్రాణులు ఇంకా సజీవంగానే ఉన్నాయి. వెనిగర్ పైపొరలోని వాటినే చంపగలిగిందనీ, పొర లోపలికి చొరబడలేకపోయిందనీ ఆయన నిర్ధారించుకున్నాడు.

నేటి శాస్త్రజ్ఞులు ఈ విషయాన్నే విశదంగా వివరిస్తున్నారు. పాచిలోని క్రిములు విడివిడిగా జీవించవు. జిగురు వంటి పదార్థాన్ని స్రవించి, దానిలో గుంపులుగా ఇమిడి, ఒకదానికొకటి ఆహారం అందించుకుంటూ కాపురముంటాయి. ఈ జిగురు పొరను దాటి మందు లోపలికి చేరడం కష్టం. అదీగాక, యాంటీబయాటిక్‌లలో చాలా భాగం పెరుగుతున్న క్రిములపైనే చక్కగా పనిచేస్తాయి. పొర అడుగున ఉన్న క్రిములు నిద్రాణ స్థితిలో ఉంటాయి గనుక మందు వాటిని సులభంగా చంపలేదు. విడిగా తేలుతున్న క్రిమిని చంపడానికి చాలే మోతాదుకు వందల రెట్లు, ఒక్కొక్కప్పుడు వెయ్యి రెట్లు మందు కావలసివస్తుంది. అంత మందు రక్తంలోకి పంపితే ముందు రోగి ప్రాణానికే ముప్పు. మందుకు సహజంగా లొంగే క్రిమి సైతం పాచి చాటున ఉన్నంతకాలం బ్రతికిపోవడానికి కారణమిదే.

దీనికి తోడు మరొక ప్రయోగాన్ని తెలుసుకోవాలి. డెన్మార్క్‌లోని ఆర్హస్ నగరంలో హరాల్డ్ లో అనే దంతశాస్త్రజ్ఞుడూ ఆయన సహచరులూ 1965లో ఒక పరిశోధన ప్రచురించారు. ఆరోగ్యవంతమైన చిగుళ్ళు గల పన్నెండుగురు పళ్ళు తోముకోవడం పూర్తిగా మానివేశారు. పది నుండి ఇరవై ఒక్క రోజుల లోపల అందరి చిగుళ్ళూ వాచాయి. తిరిగి పళ్ళు శుభ్రపరచుకోవడం ప్రారంభించగానే అందరి చిగుళ్ళూ బాగుపడ్డాయి. ఒక్క మాత్ర కూడా అవసరం కాలేదు. తొలి దశలో చిగుళ్ళ వాపుకు పాచియే మూలమనీ, దాని తొలగింపే చికిత్స అనీ ఈ ప్రయోగం నిస్సందేహంగా నిరూపించింది.

ఆశలు రేపిన మందులు

అయినప్పటికీ వ్యాధి లోపలికి దిగిన రోగులకు మందుల సాయం ఉంటే బాగుండునని వైద్యులు ఆశించడంలో తప్పు లేదు. ఈ చరిత్రలో మన తెలుగువాని పేరు కూడా ఉంది. 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో పరిశోధనలకు నాయకత్వం వహించారు. ఆయన ఆధ్వర్యవంలో బెంజమిన్ డగ్గర్ అనే వృద్ధ వృక్షశాస్త్రజ్ఞుడు మట్టిలోని ఒక సూక్ష్మజీవి నుండి ఆరియోమైసిన్‌ను వెలికితీశాడు. 1948లో లోకానికి వెల్లడైన ఈ ఔషధమే టెట్రాసైక్లిన్ కుటుంబానికి ఆద్యం. అదే సంవత్సరం ఆగస్టులో సుబ్బారావు కన్నుమూశారు. దరిమిలా టెట్రాసైక్లిన్‌లు అనేక వ్యాధులకు దివ్యౌషధాలుగా పేరుపొందాయి. 1970, 1980 దశకాలలో చిగుళ్ళ వైద్యంలో కూడా విరివిగా వాడుకలోకి వచ్చాయి.

మెట్రోనిడజోల్ కథ ఇంకా చిత్రమైనది. స్త్రీలకు వచ్చే ఒక జననాంగ వ్యాధికి ఈ మందు వాడుకలో ఉండేది. బ్రిటన్‌లో అలా మందు పుచ్చుకున్న ఒక రోగి చిగుళ్ళ పుండ్లు కూడా మానిపోయాయి. డేవిడ్ షిన్ అనే వైద్యుడు ఈ విషయాన్ని పరిశీలించి 1962లో లాన్సెట్ పత్రికలో ప్రకటించాడు. ప్రాణవాయువు లేనిచోట పెరిగే క్రిములపై ఈ మందు ప్రభావం చూపుతుందని ఆ తరువాత తేటతెల్లమైంది. చిగురు గోతుల్లో ప్రాణవాయువు చొరబడదు గనుక అక్కడ అలాంటి క్రిములే అధికం. అమెరికాలోని ఫోర్సిత్ సంస్థకు చెందిన సిగ్మండ్ సొక్రాన్‌స్కీ, ఆయన సహచరులు 1998లో పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్, టానెరెల్లా ఫోర్సిథియా, ట్రెపొనీమా డెంటికోలా అనే మూడింటిని ఒక ముఠాగా గుర్తించి, లోతైన గోతుల్లో ఈ మూడూ కలసి కనిపిస్తాయని చూపారు. ఈ మూడూ ప్రాణవాయువు పొసగనివే.

యౌవనంలోనే దవడ ఎముకను హరించే వ్యాధితో సంబంధమున్న క్రిమి మరొకటుంది. దాని పేరు ఆగ్రిగాటిబాక్టర్. ప్రాణవాయువు ఉన్నా లేకున్నా బ్రతకగల ఈ క్రిమిపై మెట్రోనిడజోల్ ఒంటరిగా అంతగా పనిచేయదు. అందుచేత మెట్రోనిడజోల్‌కు అమాక్సిసిలిన్‌ను జతచేసే పద్ధతి 1980 దశకం చివర ఆరంభమైంది. నేడు మందుల దుకాణాలలో చిగుళ్ళ నొప్పికి అలవోకగా అందే జంట మాత్రల వెనుక ఉన్న చరిత్ర ఇది. నిపుణులు కొద్దిమంది రోగుల కోసం, పళ్ళను లోతుగా శుభ్రపరచిన పిమ్మట వాడమన్న జంట, మన వీధులలో అందరికీ, శుభ్రపరచడానికి బదులుగా చేరింది.

క్రిములు నేర్చిన విద్య

పెన్సిలిన్‌ను కనుగొన్న అలెగ్జాండర్ ఫ్లెమింగ్ 1945 డిసెంబరులో నోబెల్ ఉపన్యాసమిస్తూ, చాలీచాలని మోతాదులో మందు వాడితే క్రిములు చావకపోగా దానిని తట్టుకోవడం నేర్చుకుంటాయని హెచ్చరించాడు. ఇక్కడ నేర్చుకోవడం అంటే క్రిమికి బుద్ధి ఉన్నదని కాదు. కోట్లాది క్రిములలో యాదృచ్ఛికంగా ఏ ఒక్కదానికో మందును ఎదుర్కొనే జన్యువు ఉంటుంది. మామూలు రోజులలో దానికి ప్రత్యేకత ఏమీ లేదు. మందు వచ్చి తక్కినవన్నీ నశించినప్పుడు ఖాళీ అయిన స్థలమంతా దాని సంతానానికి దక్కుతుంది. గంటల వ్యవధిలోనే క్రిముల సంఖ్య రెట్టింపు కాగలదు గనుక, కొద్ది దినాలలోనే ఆ సంతతి బలపడుతుంది.

చిగుళ్ళ క్రిములు ప్రయోగించే ఉపాయాలు పలువిధాలు. ప్రివొటెల్లా జాతికి చెందిన కొన్ని క్రిములు అమాక్సిసిలిన్‌ను ముక్కలు చేసే ఎంజైమును తయారుచేస్తాయి. ఈ ఎంజైము పాచి పొరలో వ్యాపించినప్పుడు, ఆ శక్తి లేని ఇరుగుపొరుగు క్రిములు కూడా దాని నీడన బ్రతికిపోతాయి. టెట్రాసైక్లిన్ క్రిమి దేహంలో మాంసకృత్తులు తయారయ్యే యంత్రాంగాన్ని పట్టి ఆపుతుంది. టెట్ అనే పేరుతో పిలిచే జన్యువులలో కొన్ని ఆ యంత్రాంగం నుండి మందును నెట్టివేసే కాపలాదారును సృష్టిస్తాయి. మరికొన్ని మందును వెలుపలికి తోడిపోసే పంపును అమర్చుతాయి. మెట్రోనిడజోల్ క్రిమి దేహంలో ప్రవేశించాకనే విషంగా మారుతుంది. నిమ్ అనే జన్యువులున్న క్రిములు దానిని విషంగా మారనీయకుండా నిరపాయమైన పదార్థంగా మార్చగలవు.

వీటన్నింటికంటే విస్మయకరమైనది క్రిములు ఈ జన్యువులను పరస్పరం పంచుకోవడం. 1950 దశకం చివర జపాన్ శాస్త్రజ్ఞులు రక్తవిరేచనాలు కలిగించే షిగెల్లా క్రిమికీ, పేగులలో సహజంగా ఉండే ఇ.కోలై క్రిమికీ మధ్య ఈ మారకం జరుగుతున్నట్లు కనుగొన్నారు. వంశం వేరైనా, జాతి వేరైనా, ఒక క్రిమి మరొక దానికి తాకి ఉన్నప్పుడు ఔషధాన్ని జయించే జన్యువును అందించగలదు. క్రిములు ఇంత దగ్గరగా, ఇంత కిక్కిరిసి, ఇంతకాలం కలసి ఉండే చోటు పాచికి మించి మన దేహంలో ఎక్కడ దొరుకుతుంది? నోరు అటువంటి జన్యువుల నిధిగా ఉన్నదని అనేక పరిశోధనలు తెలియజేస్తున్నాయి. ఆ సమయంలో ఏ యాంటీబయాటిక్ వాడని పిల్లల నోళ్ళలో సైతం టెట్రాసైక్లిన్‌కు లొంగని క్రిములు కనిపించాయి. లాలాజలంతో పాటు మనం ప్రతిదినం మింగే క్రిములకు లెక్కలేదు. నోటిలో బలపడిన గుణం నోటికే పరిమితమై ఉంటుందని భరోసా పడడానికి వీలులేదు.

ఈ జన్యువులన్నీ మన మందుల వల్లనే పుట్టాయని భావించరాదు. జర్మనీలోని డాల్‌హైమ్ మఠం సమీపాన ఖననమైన మధ్యయుగపు అస్థిపంజరాల పళ్ళ గారను క్రిస్టినా వారినర్, ఆమె సహచరులు పరీక్షించి 2014లో ఫలితాలు వెల్లడించారు. సుమారు వెయ్యి సంవత్సరాల నాటి ఆ గారలో నేటి చిగుళ్ళ వ్యాధి క్రిముల ఆనవాళ్ళతో పాటు, మందులను ఎదుర్కొనే జన్యువులకు పూర్వరూపాల వంటివి కూడా ఉన్నాయి. మట్టిలో, నీటిలో సూక్ష్మజీవులు ఒకదానితో ఒకటి పోరాడేందుకు అనాదిగా విషాలు తయారుచేస్తున్నాయి. వాటికి విరుగుడులూ అంత ప్రాచీనమైనవే. విత్తనం ఏనాటిదో. అనవసరమైన ప్రతి మాత్రతో దానికి నీరుపోసి పెంచుతున్నది మాత్రం మనమే.

పరిశోధనలు వెల్లడించిన లెక్కలు

అమెరికాలో పయోరియాతో బాధపడుతున్న 400 మంది వయోజనుల చిగురు గోతుల నుండి క్రిములను సేకరించి, థామస్ రామ్స్, ఆర్యాన్ వాన్ వింకెల్‌హాఫ్ ప్రభృతులు పరీక్షలు జరిపి 2014లో ప్రకటించారు. డాక్సీసైక్లిన్‌కు లొంగని క్రిములు 55 శాతం రోగులలో, అమాక్సిసిలిన్‌కు లొంగనివి 43.3 శాతం మందిలో, మెట్రోనిడజోల్‌కు లొంగనివి 30.3 శాతం మందిలో, క్లిండామైసిన్‌కు లొంగనివి 26.5 శాతం మందిలో బయటపడ్డాయి. మొత్తం మీద ప్రతి నలుగురు రోగులలో సుమారు ముగ్గురి నోళ్ళలో ఈ నాలుగింటిలో కనీసం ఒక మందుకు లొంగని వ్యాధికారక క్రిములు ఉన్నాయి. అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ రెండింటికీ లొంగనివి ఉన్నవారు మాత్రం 6.8 శాతమే. ఈ జంట మందు నేటికీ కొంత విలువను నిలబెట్టుకున్నదని దీనివల్ల గ్రహించవచ్చు. ఉన్న కాస్త విలువను మనం ఎంతకాలం కాపాడుకుంటామనేదే ప్రశ్న.

మరొక పోలిక ఇంకా బోధప్రదం. నెదర్లాండ్స్‌లో యాంటీబయాటిక్‌ల వాడకంలో కట్టుదిట్టాలు ఎక్కువ. స్పెయిన్‌లో ఆ కాలాన వాడకం విచ్చలవిడిగా ఉండేది. ఈ శతాబ్దపు తొలి సంవత్సరాలలో రెండు దేశాల పయోరియా రోగుల నుండి తీసిన క్రిములను పోల్చిచూడగా, మందులకు లొంగని క్రిములు స్పెయిన్‌లోనే అధికంగా కనిపించాయి. ఒకే వ్యాధి, ఒకే రకం క్రిములు. దేశం ఎలా మందు వాడిందో, ఆ దేశస్థుల చిగుళ్ళలోని క్రిములు అలా తయారయ్యాయి.

మన దుకాణాలు, మన అలవాట్లు

మన దేశంలో అమాక్సిసిలిన్, మెట్రోనిడజోల్ వంటివి వైద్యుని చీటీ లేకుండా అమ్మరాదని చట్టం నిర్దేశిస్తున్నది. శక్తిమంతమైన మరికొన్ని యాంటీబయాటిక్‌లను షెడ్యూల్ హెచ్-1 అనే పట్టికలో చేర్చి, అమ్మిన ప్రతిసారీ రోగి, వైద్యుల వివరాలు పుస్తకంలో నమోదు చేయాలనే నిబంధన 2014 మార్చి నుండి అమలులోకి వచ్చింది. చీటీ లేకుండా వాడరాని మందులను ప్రజలు గుర్తించేందుకు స్ట్రిప్పు మీద ఎర్ర గీతను చూడవలసిందిగా కేంద్ర ప్రభుత్వం 2016లో ప్రచారం ప్రారంభించింది. కేరళ ప్రభుత్వం 2024లో మందుల దుకాణాలపై ప్రత్యేక తనిఖీలు చేపట్టింది. చట్టాలకు కొరత లేదు. అయినా చీటీ లేకుండా మాత్రలు దొరకని దుకాణాన్ని వెదకి పట్టుకోవడం నేటికీ కష్టమే.

దీనికి దుకాణదారును ఒక్కడినే నిందించడం న్యాయం కాదు. దినకూలీకి దంతవైద్యుని వద్దకు వెళ్ళడమంటే ఒక రోజు వేతనం పోవడం. మాత్రలకయ్యే ఖర్చు స్వల్పం. పల్లెల్లో దంతవైద్యుడు అందుబాటులో లేకపోవడం కూడా వాస్తవమే. కొన్ని చోట్ల వైద్యులు సైతం రోగి తిరిగి రాడేమోనన్న సంశయంతో, ఎందుకైనా మంచిదని మందు రాసి ఇస్తారు. అనేక దేశాలలో ఆసుపత్రుల వెలుపల రాసే యాంటీబయాటిక్‌లలో సుమారు పదవ వంతు దంతవైద్యులు రాసేవే. పంటి నొప్పి, పంటి వేరు వాపులలో చాలా సందర్భాలలో, దంతచికిత్స వెంటనే లభ్యమైనప్పుడు, యాంటీబయాటిక్ అనవసరమని అమెరికన్ దంతవైద్య సంఘం 2019లో స్పష్టంగా సూచించింది. పయోరియా రోగులందరికీ మాత్రలు ఇవ్వడం తగదని, ఎంపిక చేసిన కొద్దిమంది విషయంలోనే ఆలోచించవచ్చునని ఐరోపా చిగుళ్ళ వైద్య నిపుణుల సమాఖ్య 2020లో మార్గదర్శక సూత్రాలు వెలువరించింది.

చిగురు కోసం మింగిన మాత్ర చిగురు దగ్గరే ఆగదు. అది రక్తంలో కలసి దేహమంతా సంచరిస్తుంది. పేగులలో, చర్మంపైన, గొంతులో ఉన్న మేలు చేసే క్రిములను కూడా నశింపజేసి, అక్కడ కూడా లొంగని వాటికి చోటు కల్పిస్తుంది. ఎలుక మీద కోపంతో ఇంటికి నిప్పు పెట్టుకున్నట్లు అవుతుంది. రేపు అదే వ్యక్తికి ఊపిరితిత్తులకో, మూత్రకోశానికో, శస్త్రచికిత్స గాయానికో వ్యాధి సోకితే, అవసరమైన మందు అప్పటికే పదును కోల్పోయి ఉండవచ్చు. మందులకు లొంగని క్రిముల కారణంగానే 2019లో ప్రపంచంలో 12 లక్షల 70 వేల మంది మరణించి ఉంటారని 2022లో లాన్సెట్ పత్రికలో వెలువడిన పరిశోధన అంచనా కట్టింది. ఈ మరణాలన్నీ చిగుళ్ళ మాత్రల వల్ల కలిగినవి కావు. ఈ ప్రమాదాన్ని పెంచే అనవసర వాడకంలో పంటి నొప్పికి మింగే మాత్రకు కూడా వాటా ఉంది.

మందు ఎప్పుడు అవసరం?

అట్లని యాంటీబయాటిక్‌లను పూర్తిగా బహిష్కరించమని చెప్పడం అవివేకం. చిగురు వాపు దవడకో, చెంపకో, మెడకో పాకుతున్నా, జ్వరం వచ్చినా, నోరు తెరవడం, మింగడం, ఊపిరి పీల్చడం కష్టమైనా అది అత్యవసర పరిస్థితి. అప్పుడు ఆలస్యం చేయక ఆసుపత్రికి వెళ్ళాలి. అక్కడ యాంటీబయాటిక్ ప్రాణరక్షకం కావచ్చు. చిగుళ్ళు పుండ్లుపడి జ్వరం తోడైనప్పుడు, యౌవనంలోనే ఎముక వేగంగా కరుగుతున్నప్పుడు, రోగనిరోధక శక్తి క్షీణించినవారి విషయంలో వైద్యుడు ఆలోచించి మందు వాడవచ్చు. ఏ మందు, ఎంత మోతాదు, ఎన్ని దినాలు అన్నది ఆయన నిర్ణయించవలసిన విషయం. ఈ సందర్భాలలో సైతం పాచిని, గారను తొలగించడం, చీము ఉంటే వెలుపలికి పంపడం తప్పనిసరి. మందు ఆ పనికి తోడు మాత్రమే. తోటివానికి పనిచేసిన మాత్ర, క్రిందటిసారి మిగిలిన మాత్ర అని వేసుకోవడం ఏ విధంగానూ తగదు.

మధుమేహ రోగులు ఒక విషయం ప్రత్యేకించి గుర్తుంచుకోవాలి. చక్కెర అదుపులో లేకపోతే చిగుళ్ళ వ్యాధి ముదురుతుంది. చిగుళ్ళ వ్యాధి ముదిరితే చక్కెరను అదుపు చేయడం కష్టమవుతుంది. అటువంటివారు చిగుళ్ళలో రక్తం కనిపించగానే దంతవైద్యుని సంప్రదించడం శ్రేయస్కరం.

అసలు చికిత్స

క్రిములు మందును తట్టుకునే జన్యువును సంపాదించగలవు. పంటి నుండి గీకివేయడాన్ని తట్టుకునే జన్యువు ఏ క్రిమికీ లేదు. చిగుళ్ళ వైద్యంలో అన్నింటికంటే విలువైన సత్యం ఇదే. ఎన్ని మందులకు లొంగని క్రిమి అయినా, దాని పొర చెదిరిపోయి, గారతో సహా నోటి నుండి వెలుపలికి పోతే చేయగలిగేది ఏమీ ఉండదు. అందుచేత దంతవైద్యుడు పళ్ళ మీదా, చిగురు క్రిందా ఉన్న గారను తొలగించే స్కేలింగ్ చికిత్సే ఈ వ్యాధికి పునాది.

స్కేలింగ్ చేయిస్తే పళ్ళు కదులుతాయి, సందులు పడతాయి అనే భయం మన ప్రజలలో నాటుకుపోయింది. ఇది అపోహ. ఎముక కరిగిపోయిన చోట గార పేరుకొని పళ్ళ సందులను కప్పివేస్తుంది. గార తొలగగానే అంతకు ముందే వ్యాధి కల్పించిన సందు కంటికి కనిపిస్తుంది. ఉబ్బిన చిగురు సర్దుకోవడం వల్ల కూడా పళ్ళు పొడవైనట్లు తోస్తాయి. జరిగిన నష్టాన్ని చికిత్స బయటపెట్టిందే గాని కలిగించలేదు. కొద్ది దినాలు చల్లని నీరు జివ్వుమనిపించడం సహజం. ఖర్చుకు వెనుదీసేవారు ప్రభుత్వ ఆసుపత్రుల దంత విభాగాలనూ, దంతవైద్య కళాశాలలనూ ఆశ్రయించవచ్చు. అక్కడ ఈ చికిత్స తక్కువ రుసుముతో లభిస్తుంది.

ఇంటివద్ద చేయవలసింది కష్టసాధ్యమైనదేమీ కాదు. ఉదయమూ, రాత్రి నిద్రకు ముందూ రెండేసి నిమిషాలు మెత్తని బ్రష్‌తో చిగురు అంచు వెంబడి తోముకోవాలి. బ్రష్ చొరని పళ్ళ సందులను దారంతో గాని, సందుల కోసం చేసిన చిన్న బ్రష్‌తో గాని శుభ్రపరచాలి. ఇటుక పొడి, బొగ్గు వంటి గరుకు పదార్థాలతో రుద్దితే పంటి పైపొర అరుగుతుంది. చిగురు నుండి రక్తం వస్తున్నదని ఆ భాగాన్ని తోమకుండా వదలివేసేవారున్నారు; అక్కడే జాగ్రత్తగా, మృదువుగా తోమవలసిన అవసరం ఎక్కువ. పొగ త్రాగేవారి చిగుళ్ళలో రక్తస్రావం తక్కువగా కనిపించి వ్యాధిని దాచిపెడుతుంది గనుక వారు రక్తం రాలేదని నిశ్చింతగా ఉండరాదు. పొగాకును మానడం చిగుళ్ళ చికిత్సలో భాగమే.

ఈసారి చిగురు వాచి మందుల దుకాణానికి వెళ్ళవలసివస్తే, స్ట్రిప్పు మీద ఎర్ర గీత ఉన్నదేమో చూడండి. ఉంటే చీటీ లేకుండా కొనకండి. నొప్పి తగ్గడానికి మామూలు నొప్పి మాత్ర, గోరువెచ్చని ఉప్పునీటితో పుక్కిలింత దంతవైద్యుని కలిసేదాకా సరిపోతాయి. వైద్యుడు యాంటీబయాటిక్ రాస్తే అది ఎందుకు అవసరమో, పళ్ళు ఎప్పుడు శుభ్రం చేస్తారో అడగడానికి సంకోచించకండి. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడం వైద్యునికి భారం కాదు. అడగడం వల్ల మీ పన్ను నిలబడుతుంది; రేపు మీ ఇంట్లో ఎవరికైనా నిజంగా అవసరమైన రోజున ఆ మందు పనిచేస్తుంది.